తడవని గోనె

కరీంనగర్,
12 మార్చి 1958

బెల్లంపల్లిలో ఉన్న రాయమల్లుకు ఉస్తాద్ నిజాముద్దీన్ దువా.

చెబుతున్నది నేను, రాస్తున్నది మా బిల్కీస్. నా నోటి మాటను బడి తెలుగులోకి తిప్పి రాస్తానంటోంది. ఎక్కడైనా నేను మరీ మర్యాదస్తుడిలా కనిపిస్తే అది దాని పని అనుకో.

నువ్వు నా కార్ఖానా విడిచి ఆరేళ్లయింది. బొగ్గు లారీల కాంట్రాక్టరు వర్క్‌షాపులో పెద్ద మేస్త్రీవయ్యావని పెద్దపల్లి నుంచి వచ్చే డ్రైవర్లు చెబుతుంటారు. నాకు సరిగా వినపడనట్టు నటించి రెండుసార్లు చెప్పించుకుంటాను.

ఇప్పుడు అసలు సంగతి. జగిత్యాల దొర ఎనిమిది సిలిండర్ల కారు నీకు గుర్తుండే ఉంటుంది. పోలీసు చర్య తర్వాత హైదరాబాదులో ఒక నవాబు అమ్ముకుంటే దొర కొన్నాడు. ఈ మధ్యే దాని ఇంజన్ మొత్తం విప్పి మూడు నెలలు కూర్చుని మళ్లీ కట్టాను. మన జిల్లాలో దాన్ని దాటిపోయే బండి లేదు. అయితే దొర బావమరిది నాగపూర్ నుంచి కొత్త కారు తెచ్చుకుని, నీ బండి ముసలిదైందని ఈయనను ఆటపట్టించాడట. మీ వర్క్‌షాపులో బండిని నిలబెట్టి బలం తూచే ఏర్పాటు ఉందని దొరకు ఎవరో చెప్పారు. ఎంత బలముందో కాగితం మీద రాయించి తెమ్మని నా ప్రాణం తీస్తున్నాడు.

నాకు గుబులుగా ఉంది. నలభై ఏళ్లుగా బండిని రోడ్డు మీద తోలి చెవితో పరీక్ష చేసినవాణ్ణి. కదలనివ్వకుండా అంత రేసు ఇస్తే ఇంజన్‌కు దెబ్బ తగలదా? లారీ అంటే దున్నపోతు, ఎంతైనా ఓర్చుకుంటుంది. ఇది పందెపు గుర్రం. నీకు తెలిసింది తెలిసినట్టు రాయి.

ఇంకొక మాట. సిందూరం నూనెలో కలిపి పూసి, ఎరుపు అంటిన మిట్టలు చూసి బేరింగ్‌ను సమంగా గీకడం నీకు నేర్పింది నేనే. ఇప్పుడు ఆ ఎరుపు నా కంటికి ఆనడం లేదు. పొర కమ్మింది. ఈ ఇంజన్ బేరింగులన్నీ బొటనవేలితో తడిమి గీకాను. నా వేలు తప్పలేదు, ఆ సంగతి నాకు తెలుసు. కాని ఈ మాట బయటపడితే నా కార్ఖానాకు సైకిలు కూడా రాదు. బిల్కీస్‌కూ నీకూ నాకూ తప్ప నాలుగో మనిషికి తెలియకూడదు.

నిజాముద్దీన్

రాయమల్లన్నా, బేరింగ్ గీకేటప్పుడు అబ్బా కళ్లు మూసుకుంటున్నాడు. ఎందుకని అడిగితే, "తెరిస్తే పరేషాన్ అయితది బేటీ" అన్నాడు. కాస్త ధైర్యం చెప్పి రాయి. — బిల్కీస్


బెల్లంపల్లి,
20 మార్చి 1958

ఉస్తాద్‌కు మీ రాయమల్లు సలాములు. చెల్లె బిల్కీస్‌కు ఆశీస్సులు.

మీ ఉత్తరంలోని మర్యాదస్తుడి మాట వరకు చదివి వినిపిస్తే మా ఆవిడ సరోజన ఒకటే నవ్వు. మీ ఉస్తాద్ నీకన్నా గడుసువాడంటుంది. మేమిద్దరం క్షేమం.

పరీక్ష వల్ల బండికి దెబ్బ అనేది ఇక్కడి సంగతి తెలియనివాళ్లు అనే మాట. వివరంగా రాస్తున్నాను. గనిలో బొగ్గు తొట్లు లాగే తాడు చుట్టుకునే పాత ఇనుప డ్రమ్ములు రెండు నేలలో గుంట తీసి బిగించాం. బండి వెనక చక్రాలు వాటి మీద నిలుస్తాయి. చక్రం తిరిగితే డ్రమ్ము తిరుగుతుంది, బండి మాత్రం కదలదు. కట్టె దిమ్మెలు బిగించి డ్రమ్మును పట్టి ఆపుతుంటే, చక్రం తోసే బలం కాటా మీద పడుతుంది. అంతే. నిర్మల్ గట్టు ఎక్కేటప్పుడు పడే బరువుకంటే ఇక్కడ గవ్వంత కూడా ఎక్కువ పెట్టం. గట్టు తట్టుకునే బండి కాటానూ తట్టుకుంటుంది.

ఇంత వరకు అరవై లారీలు తూచాను. ఒక్కదానికీ ఏమీ కాలేదు. మా ఇంజనీరు గారు బొంబాయిలో చదివి వచ్చినవారు. చెవితో చూసే కాలం పోయిందని ఎప్పుడూ అంటుంటారు. మిమ్మల్ని ఉద్దేశించి కాదు, కోపం తెచ్చుకోకండి. మీ చేతి పని ఆయన కంటపడాలని నాకూ ఉంది. బండిని నిశ్చింతగా పంపండి.

కళ్ల సంగతి నా కడుపులో ఉంటుంది.

రాయమల్లు


కరీంనగర్,
14 ఏప్రిల్ 1958

రాయమల్లుకు ఉస్తాద్ దువా.

నీ మాట నమ్మి బండిని పంపుతున్నాను. దొర డ్రైవరు హనుమండ్లు తోలుకు వస్తాడు. నెమ్మదస్తుడు, అన్నం పెట్టించు.

డిక్కీలో ఒక గోనె మడిచి, తాడుతో కట్టి పెట్టాను. అదేమిటో నీకు వేరే చెప్పాలా? మన కార్ఖానాలో నిలిచిన బండికి రేసు ఇచ్చినప్పుడల్లా రేడియేటర్ ముందు తడి గోనె వేలాడదీసి నీళ్లు చిలకరించేది నువ్వే కదా. నడిచే బండికి గాలి దానంతటదే ఎదురొస్తుంది. నిలబడ్డ బండికి మనమే గాలి చల్లబరిచి ఇవ్వాలి. లారీలకు పెద్ద రేడియేటర్ ఉంటుంది, అవి నెమ్మదిగా తిరిగే ఇంజన్లు. నీకు ఇన్నాళ్లూ అవసరం పడి ఉండదు. దీనికి పడుతుంది. ఎండలు ముదిరాయి. మూడు నిమిషాలకు మించి పూర్తి రేసు ఇవ్వకు. నీళ్ల వేడి చూపే ముల్లు ఎరుపు దగ్గరికి వస్తే ఎవరున్నా చూడకుండా కాలు తీసేయి.

నిజాముద్దీన్


బెల్లంపల్లి,
25 ఏప్రిల్ 1958

శ్రీయుత నిజాముద్దీన్ గారికి,

తమరు పంపిన కారును ఈ నెల 22న పరీక్షించడం జరిగింది. మూడవసారి నడుపుతుండగా ఇంజన్ పట్టేసింది. విప్పి చూడగా కనెక్టింగ్ రాడ్డు బేరింగ్ ఒకటి కరిగిపోయి ఉంది. బేరింగ్ అమరికలో లోపమే కారణమని నిర్ణయించి దొర గారికి కాగితం ఇచ్చాం. పరీక్ష వల్ల జరిగిన నష్టం కాదని మా ఇంజనీరు గారి అభిప్రాయం కూడాను.

జరిగినదానికి విచారిస్తున్నాను. పని ఒత్తిడి వల్ల వివరంగా రాయలేకపోతున్నాను.

ఇట్లు,
రాయమల్లు


కరీంనగర్,
11 మే 1958

రాయమల్లుకు ఉస్తాద్ దువా.

నీ ఉత్తరం అందింది. బండిని లారీ వెనక కట్టి ఇక్కడికి లాక్కొచ్చారు. డిక్కీలో నేను పెట్టిన సామాను పెట్టినట్టే చేరింది. ఆ విషయంలో నీకు ఫికర్ అక్కరలేదు.

రెండు సంగతులు అడుగుతాను. మూడోసారి ఎన్ని నిమిషాలు నడిపావు? నీళ్ల ముల్లు ఎక్కడుంది? కుదిరినప్పుడు రాయి. సరోజనకు నెలలు నిండుతున్నాయని విన్నాను. నీళ్లు మోయనివ్వకు.

నిజాముద్దీన్

అన్నా, అబ్బా చెప్పనిది నేను రాస్తున్నాను. మొన్న దొర కార్ఖానా ముందుకొచ్చి, బజారంతా వినేటట్టు అన్నాడు: "కండ్లు గానని ముసలోని చేతిల గంత బండి పెట్టిన నాదే తప్పు. గీ బండిని గీన్నే ఉండనియ్యి. పోయేటోళ్లు వచ్చేటోళ్లు సూస్తరు." అబ్బా చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. శుభ్రంగా ఉన్న చేతులనే తుడుచుకున్నాడు. కళ్ల సంగతి దొరకు ఎవరు చెప్పారో తెలియడం లేదు. — బిల్కీస్


బెల్లంపల్లి,
30 జూన్ 1958

ఉస్తాద్ గారికి నమస్కారాలు.

జవాబు ఆలస్యమైంది. సరోజనకు ఆడపిల్ల పుట్టింది. నర్మద అని పేరు పెట్టాం. ఈ నెల నుంచి నన్ను ఫోర్‌మన్‌ను చేశారు. బాధ్యత పెరిగి తీరిక చిక్కడం లేదు.

మీరు అడిగిన నిమిషాల లెక్క ఇంజనీరు గారి పుస్తకంలో ఉంటుంది. నాకు సరిగా జ్ఞాపకం లేదు. ఇక్కడ వానలు మొదలయ్యాయి. మీ ఆరోగ్యం జాగ్రత్త.

రాయమల్లు


కరీంనగర్,
5 అక్టోబర్ 1958

రాయమల్లన్నకు బిల్కీస్ సలాం.

ఈ ఉత్తరం అబ్బాకు తెలియకుండా రాస్తున్నాను. నర్మదమ్మ పుట్టిందని తెలిసి చాలా సంతోషపడ్డాడు. నీ ఉత్తరాన్ని నాలుగు రోజులు జేబులో పెట్టుకు తిరిగాడు. ఫోర్‌మన్ అయ్యావన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

కార్ఖానాకు బండ్లు రావడం లేదు. వేములవాడ బస్సుల వాళ్లు పదిహేనేళ్లుగా అబ్బా చేతి మీదే నడిచారు. వాళ్లు కూడా పండుగ వెళ్లాక వస్తామని చెప్పి వేరే చోటికి పోయారు. పొద్దున కార్ఖానా తెరుస్తాడు. పాత బేరింగ్ ముక్క ఒకటి ముందు వేసుకుని గీకుతాడు. ఎవరూ చేయమన్నది కాదు. గీకి గీకి అది రేకులాగా పలచబడింది. అయినా నా చేతికిచ్చి, "సక్కగున్నదా, సూడు" అని అడుగుతాడు. ఏనాడూ నన్ను అలా అడగని మనిషి.

దొర కారు మా ముందే నిలబడి ఉంది. డిక్కీకి తాళం వేసి తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. లోపల ఏముందంటే చెప్పడు. నీ గురించి ఒక్క చెడ్డ మాట అనడు, నన్ను అననివ్వడు.

అన్నా, నేను చదువుకున్నది కొంచెమే. అయినా ముగ్గురిలోంచి ఇద్దరిని తీసేస్తే ఎవరు మిగులుతారో నాకు తెలుసు. కళ్ల మాట నా నోటి నుంచి రాలేదు. అబ్బా తన నోటితో చెప్పుకోడు. నీకు ఏమైనా రాయాలని ఉంటే రాయి. లేకపోతే ఇక ఈ ఇంటికి ఉత్తరం రాయకు. క్షేమ సమాచారాలు వస్తున్నకొద్దీ అబ్బా ఇంకా ఎదురుచూస్తున్నాడు.

బిల్కీస్


బెల్లంపల్లి,
9 నవంబర్ 1958

ఉస్తాద్‌కు, మీ కాళ్ల దగ్గర కూర్చోవడానికి కూడా మొహం చెల్లని రాయమల్లు రాసుకుంటున్నది.

బిల్కీస్ ఉత్తరం వచ్చి నెల దాటింది. అయిదుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఆరోసారి సరోజన పక్కన కూర్చుని, ఇది ముగిసేదాకా లేవనివ్వనంటోంది. దానికి మొన్ననే అంతా చెప్పాను. విని, "గా పెద్దమనిషి నీకు అన్నం పెట్టలేదా?" అని ఒకే మాట అడిగింది.

ఆ రోజు పొద్దున పది గంటలు. రేకుల కింద నిలబడలేని ఎండ. మీ కారును చూడడానికి ఇంజనీరు గారు ఇద్దరు స్నేహితులను తీసుకొచ్చారు. తెల్లచొక్కాలు, చేతిలో సిగరెట్టు డబ్బాలు. హనుమండ్లు డిక్కీ తెరిచి మీరిచ్చిన మూట పైకి తీశాడు. గోనె కట్టమన్నారు కదా అని నన్నే అడిగాడు. అదేమిటని ఇంజనీరు గారు నా వైపు చూశారు. ఉస్తాద్, అంత ఖరీదైన కారు ముందు, అంతమంది చదువుకున్నవాళ్ల ముందు, తడి గోనె వేలాడదీసి చెంబుతో నీళ్లు చల్లే మనిషిలా కనపడడం నాకు నామోషీ అనిపించింది. "గది బండి తుడిచే గోనె. లోపట పెట్టు" అన్నాను. హనుమండ్లు నా మొహం ఒకసారి చూసి లోపల పెట్టేశాడు.

మొదటి రెండుసార్లు బండి బ్రహ్మాండంగా లాగింది. మూడోసారి కాటా మీద పడిన బరువు ఏ లారీతోనూ పడలేదు. స్నేహితులు దగ్గరికి వచ్చి వంగి చూశారు. నీళ్ల ముల్లు అప్పటికే ఎరుపులో ఉంది. చూశాను. కాలు తీయలేదు. ఇంజనీరు గారు చాలన్నట్టు చెయ్యి ఎత్తారు కూడా. ఇంకొక్క నిమిషమని అన్నది నేనే. మీరు మూడన్నారు, నేను పదకొండు నిమిషాలు నడిపాను. అడిగారు కాబట్టి చెబుతున్నాను, నాకు ఏనాడూ మరపు రాలేదు. రంగు కాలిన వాసన వచ్చింది, లోపల ఏదో గీరినట్టు చప్పుడైంది, ఆగిపోయింది.

విప్పితే నాలుగు పిస్టన్లు గీతలు పడి ఉన్నాయి. వేడికి నూనె పలచబడి ఒక్క బేరింగ్ కరిగింది. మిగిలిన ఏడూ చూశాను. అలాంటి పని నేను చేయలేను. ఎవరు చేయగలరో తెలియదు. ఆ ఏడింటినీ పక్కన పెట్టి, కరిగిన ఒక్కదాన్ని బల్ల మీద పెట్టి, లోపం ఇక్కడుందన్నాను. వాళ్లు నమ్మారు.

అక్కడితో ఆగినా సగం మనిషినై ఉండేవాణ్ణి. మూడో రోజు దొర వచ్చి, అంత పేరున్న మేస్త్రీ ఎలా తప్పాడని గుచ్చి గుచ్చి అడిగాడు. "ఆయనకు కండ్లు ఆనుతలేవు దొరా" అన్నాను. మీరు నా కడుపులో దాచమన్న మాటను నా ఉద్యోగం కాపాడుకోవడానికి వాడుకున్నాను. అది అన్న క్షణం నుంచి ఈ క్షణం దాకా నాకు అన్నం సయించిన పూట లేదు. అలాగని తినడం మానలేదు. అందుకు కూడా సిగ్గుగానే ఉంది.

మార్చిలో మీరు అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు రాస్తున్నాను. కాటా బండిని చంపదు. గట్టు మీద పడే బరువే ఇక్కడా పడుతుంది. కాని గట్టు మీద ఎదురుగాలి ఉంటుంది, మలుపు వచ్చినప్పుడల్లా డ్రైవరు కాలు తీస్తాడు. ఇక్కడ గాలీ లేదు, మలుపూ లేదు. ఆ రెండూ పరీక్ష చేసేవాడు ఇవ్వాలి. ఇవ్వకపోతే దెబ్బ వాడిది, కాటాది కాదు. ఆగస్టులో ఇంజనీరు గారు పుస్తకం చూసి, మనిషెత్తు కరెంటు ఫ్యాను తెప్పించి కాటా ముందు పెట్టించారు. పుస్తకంలో ఉన్నది మీ గోనె సంగతే. ఆ ఫ్యాను మీట నొక్కేది నేనే.

దీనితో దొరకు రాసిన కాగితం ఉంది. జరిగినదంతా అందులో రాసి సంతకం పెట్టాను. మీరు చదివించుకుని, పంపమని తోస్తే దొరకు పంపించండి. నా ఫోర్‌మన్ పని పోతే పోనీ.

రాయమల్లు


కరీంనగర్,
20 నవంబర్ 1958

రాయమల్లన్నా, ఈసారి తన మాటను మార్చవద్దన్నాడు అబ్బా. అన్నది అన్నట్టే రాస్తున్నాను. — బిల్కీస్

రాయమల్లు,

నీ ఉత్తరం బిల్కీస్ రెండుసార్లు సదివింది. రెండోసారి నేనే సదువుమన్న.

నువ్వు రాసినయి నాకు ఎప్పుడో ఎరుక. బండిని లారెనక కట్టి తెచ్చిన్నాడే డిక్కీ తెరిసిన. గోనె నేను మడత పెట్టినట్టే ఉన్నది. ముడి నేనేసిందే. నా ముడి నా చేతికి తెలుస్తది, దానికి కండ్లు అక్కెర లేదు. ముక్కు కాడ పెట్టుకొని సూసిన, నీళ్ల వాసన లేదు. ఇంజన్ విప్పకముందే సమజైంది.

మరి దొరకెందుకు జెప్పలేదంటవు. గా ముడి సూపెడితే ఐపోవు గదా అని బిల్కీస్ గూడ ఇయ్యాల గదే అన్నది. నీ మీద ప్రేమతోని జెప్పలేదనుకునేవు. గంత మంచోన్ని గాదు. నాకు సిగ్గయింది.

జర యాదికి తెచ్చుకో. మన కార్ఖానల గోనె కట్టి పని చేస్తుంటే, బజార్ల దొరల కారు చప్పుడు ఇనవడంగనే నేనేమనేటోన్ని? "రాయమల్లు, గోనె తియ్యిరా" అనేటోన్ని. నువ్వు తీసి బల్ల కింద దాసేటోనివి. దొర పోయినంక మళ్ల కట్టేటోళ్లం. పదేండ్లు గట్లనే చేసినం. పెద్ద మేస్త్రీ గోనె పట్టుకున్నడంటరని నా భయం. గోనె కట్టుడు నేర్పింది నేనే, గోనెకు సిగ్గువడుడు నేర్పింది నేనే. రెండోదే నీకు బాగ పట్టువడ్డది. నలభై ఏండ్లు దాసిపెట్టిన గోనెను దొర ముంగట పెట్టి, గిది లేక బండి పోయిందని ఏ నోటితోని జెప్పాలె? ఆర్నెల్లు నోరు రాలే.

కండ్ల మాట మాత్రం నేను నేర్పలే. గది నాకు నొచ్చింది. ఇంక నొస్తనే ఉన్నది. రాయకుంటే అబద్ధమైతది.

దొరకు నువ్వు రాసిన కాయితం పంపలే. పొయిల గూడ పెట్టలే. పంపమని నాకిచ్చుడేంది? గది నీ పని. నా పేరు నీ నోటితోని పోయింది, నీ నోటితోనే రావాలె. నీ ఉత్తరం రాకముందే సికింద్రాబాద్ నుంచి పిస్టన్లు తెప్పిచ్చి ఇంజన్ కట్టిన. కరిగిన బేరింగ్ జాగల కొత్తది గీకిన, గీ వేలితోనే. బండి తయారున్నదని హనుమండ్లుతోని కబురంపిన. ఈ నెల ముప్పై తారీకు, ఐతారం, పొద్దుగాల పది గంటలకు దొర వస్తనన్నడు.

కార్ఖాన ముంగట, బజార్ల, అందరు సూడంగ బండిని నిలవెట్టి రేసిస్త. ముంగట తడి గోనె కడత. దొర కారు చప్పుడు ఇనవడ్డా తియ్య. నువ్వు పక్కన నిలవడి నీళ్లు చల్లు. గదేందని దొర అడిగితే నేను జెప్త. బెల్లంపల్లిల ఏమైందని అడిగితే నువ్వు జెప్పు.

గోనె ఇంక డిక్కీలనే ఉన్నది. ముడి నేను విప్పలే. నువ్వొచ్చి విప్పు.

నిజాముద్దీన్